లిస్టులో నలభై ఏడోది

ఆ లిస్టులో నలభై ఏడో నంబరు అసలు ఉండాల్సింది కాదు.

నలభై ఆరు దాకా అన్నీ మర్యాదస్తులే. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, టార్చి, పిడి ఉన్న చిన్న అద్దం. నలభై ఏడు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఆకుపచ్చ ప్యాకెట్, కొబ్బరి రుచి, ఒకటి" అని ఉంటుంది. మూడు నెలల కిందట ఓ మధ్యాహ్నం ఏమీ తోచక సార్జంట్ మన్‌రూయే దాన్ని టైపు చేసింది. పై ఆఫీసర్ మేజర్ కో చదువుతారు, నాలుగు తిడతారు, అప్పుడు తీసేద్దాంలే అనుకుంది. ఆయన చదవలేదు. సంతకం పెట్టి, స్టాంపు కూడా కొట్టించి పంపేశారు. స్టాంపు పడ్డాక ఇంక అది జోకు కాదు, రికార్డు.

అలాగని అబద్ధమూ కాదు. ఆ ప్యాకెట్ నిజంగానే ఉంది. టూల్స్ బండి పైన, రెండు టేపు ముక్కల కింద, పద్ధతిగా కూర్చుని ఉంటుంది. ఆ తినుబండారం పేరే "బుద్ధిగా ఉండు". మెషీన్ మీద పెడితే మెషీన్ బుద్ధిగా ఉంటుందని తైవాన్‌లో సర్వర్ రూముల దగ్గర్నుంచి ఆసుపత్రుల స్కానింగ్ గదుల దాకా అందరూ పెట్టేదే. ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు లెక్కలూ గ్రాఫులూ బట్టీ కొట్టి వచ్చిన మన్‌రూ కూడా పెట్టింది. నమ్మి కాదు. పెట్టకపోతే ఏమవుతుందో ప్రయోగం చేసి చూసే ధైర్యం లేక. రూల్స్ మూడే. ఆకుపచ్చదే అయ్యుండాలి, పసుపుదీ ఎర్రదీ పెడితే మెషీన్ అలుగుతుంది. తినకూడదు. డేటు దాటనివ్వకూడదు.

ఆ ప్యాకెట్ మీద మార్కర్‌తో మన్‌రూ ఇలా రాసింది: "5031. ముసలావిడా, వెళ్ళు, తిరిగి రా."

ముసలావిడ అంటే ఆ విమానం. పసుపు రంగు, ముక్కు మీద ఒక పెద్ద పంకా, ముందొక సీటు, వెనకొక సీటు, ఒంటి మీదికి డెబ్భై ఏళ్ళు. ఒకప్పుడు దేశంలో పైలట్లందరూ మొదట దీన్లోనే వాంతులు చేసుకున్నారు. తర్వాత రిటైర్ చేసి, ఏదో హైస్కూల్ గేటు ముందు స్తంభం మీద నిలబెట్టేశారు. ముప్పై ఎనిమిదేళ్ళు పావురాలు కాపురం చేశాయి. మూడేళ్ళ కిందట కిందికి దించి, "ఎగిరేలా చెయ్యండి" అని మన్‌రూ చేతిలో పెట్టారు.

అప్పుడు వెతగ్గా దొరికిన మనిషి చ్యూ మాస్టారు. ఈ విమానానికి సంతకం పెట్టిన మెకానిక్కుల్లో బతికున్నది ఆయనొక్కడే. ఎనభై నాలుగేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, నోరు మాత్రం అరగలేదు. వారానికి మూడు రోజులు బస్సెక్కి వచ్చి, హ్యాంగర్లో స్టూలు వేసుకు కూర్చుని, "అది కాదు పిల్లా, ఇంకో పావు తిప్పు" అనేవాడు. పావే అనేవాడు. అర అంటే ఒప్పుకునేవాడు కాదు.

ఓసారి మన్‌రూ అడిగింది. "మాస్టారూ, ఇది చివరిసారి ఎగిరినప్పుడు ఎలా ఉండింది?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని, "చూళ్ళేదు," అన్నాడు. "సంతకం పెట్టి పంపించి, ఇంకో విమానం కింద దూరాను. అది నెత్తి మీంచే పోయింది, చప్పుడు విన్నా. తల బయటపెట్టి చూడ్డానికి బద్ధకం. రేపు చూద్దాంలే అనుకున్నా." గుడ్డ మడిచి పెడుతూ, "మర్నాటి పొద్దున్న దాన్ని లారీ ఎక్కించేశారు," అన్నాడు.

ఇవ్వాళ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో జరిగే ఎయిర్‌షోలో ముసలావిడకి ఇచ్చింది పన్నెండే నిమిషాలు. పది నలభై నుంచి పది యాభై రెండు దాకా. సోమవారం మ్యూజియం వాళ్ళొచ్చి తీసుకుపోతారు. ఆయిలూ పెట్రోలూ మొత్తం తోడేసి, తాడు కట్టి, పక్కన బోర్డు పెడతారు. ఎగరడానికి పై నుంచి వచ్చిన పర్మిషన్ ఒక్క రోజుకే. కాబట్టి ఈసారి "రేపు చూద్దాంలే" లేదు.

నవంబరైనా దక్షిణాన ఎండ ఏమీ తగ్గలేదు. ఎనిమిదింటికే బేస్ గేట్ల దగ్గర లైన్లు మెలికలు తిరిగాయి. మడత కుర్చీలు, మూరెడు లెన్సులు, టోపీ మీద టోపీ. వెల్లుల్లి రెబ్బలు పెట్టి కాల్చే సాసేజిల వాసన, బూడిదగుమ్మడి టీ అమ్మేవాళ్ళ కేకలు. ఎనభై వేల మంది వస్తారని అంచనా వేశారు గానీ, ఆ అంచనా వేసినాయన ఎవరో ఇవ్వాళ ఉదయం నుంచీ కనపడట్లేదు.

ఎనిమిదింపావుకి చ్యూ మాస్టారు పాత నేవీబ్లూ జాకెట్‌కి ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. ఫోటో కోసం వెనక సీట్లో కూర్చోబెట్టారు. పది నిమిషాలు కూర్చున్నాడు. దిగుతూ బండి మీద ప్యాకెట్‌ని చూసి మూతి తిప్పాడు.

"మా రోజుల్లో మాజు అమ్మవారి తాయెత్తు తెచ్చి సీటు వెనక దోపేవాళ్ళం. మీకు చిరుతిండా? పావలా తిండికి బుద్ధిగా ఉండేదైతే అది ఇంజిన్ కాదు, గవర్నమెంటు గుమస్తా."

"మీ తాయెత్తు ఉండగానే కదా మాస్టారూ, రెండుసార్లు చక్రాలు తెరుచుకోకుండా పొట్ట మీద దిగింది?"

"దిగిందా లేదా? ముక్కలవలేదుగా? అదీ తాయెత్తు," అన్నాడాయన. పక్కనున్న కార్పొరల్ దావెయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. దావెయ్‌ది బాగా పట్టుకోదగ్గ పొట్ట.

తర్వాత మన్‌రూ ఆయిల్ చూడ్డానికి ఇంజిన్ కిందికి దూరింది. మాస్టారు ఎప్పుడు వెళ్ళాడో గమనించలేదు.

పది దాటి ఐదు నిమిషాలకి చివరి లెక్క మొదలెట్టింది. బండిలో ప్రతి టూల్‌కీ దాని ఆకారంలోనే ఓ గుంట ఉంటుంది. గుంట ఖాళీగా ఉందంటే టూల్ ఎక్కడో ఉన్నట్టు. ఆ ఎక్కడో విమానం కడుపులో కాదని తేలేదాకా చక్రం కదలకూడదు. మర్చిపోయిన ఒక్క స్పానర్ గాల్లో ఉండగా జారి, తోకని తిప్పే తీగల మధ్య ఇరుక్కుంటే ఏమవుతుందో ఫోటోలతో సహా ట్రైనింగ్‌లోనే చూపిస్తారు. ఆ ఫోటోలు చూశాక ఎవరూ "ఎక్కడో ఉంటుందిలే" అనరు.

నలభై నాలుగు, ఉంది. నలభై ఐదు, ఉంది. నలభై ఆరు, టార్చి, ఉంది.

నలభై ఏడు.

బండి పైన రెండు టేపు ముక్కలు మాత్రం ఉన్నాయి.

"దావెయ్."

"అక్కా?"

"ఇలా రా. నోరు తెరువు."

"అక్కా!" దావెయ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నేను ఆకలి మనిషినే గానీ పాపిని కాదు. అది తింటే ఏడు తరాలు ఇంజిన్ స్టార్టవ్వదు."

"మరేది?"

"పొద్దున్న మాస్టారు చేత్తో పట్టుకుని చూస్తుండటం చూశా. నువ్వు కింద దూరినప్పుడు. ఆయనేమో మళ్ళీ విమానం దగ్గరికెళ్ళి వెనక సీటు వైపు వంగాడు. కళ్ళజోడు మర్చిపోయాడేమో అనుకున్నా."

మన్‌రూకి పొద్దున్న మాస్టారన్న మాట గుర్తొచ్చింది. సీటు వెనక దోపేవాళ్ళం.

టార్చీ అద్దమూ పట్టుకుని రెక్క ఎక్కింది. సీటు కింద లేదు. పక్కల్లో లేదు. సీటు వెనక మాత్రం అరచెయ్యంత సందు. అందులోంచి ఏదైనా జారితే నేరుగా తోకలోకి పోతుంది, తీగలు పరిగెత్తే చోటికి. అద్దం పెట్టి చూస్తే చీకటి, ఒక వంపు, ఆ వంపు వెనక ఇంకా చీకటి. తోక పక్క రేకు విప్పాలంటే ముప్పై నాలుగు స్క్రూలు. విప్పి, చూసి, బిగించడానికి ఎంత తక్కువేసినా నలభై నిమిషాలు.

ముసలావిడ రన్‌వే వైపు కదలాల్సిన టైము పదిన్నర. ఇప్పుడు పది పన్నెండు.

ఒక రకంగా స్పానరే నయం. స్పానర్ ఉన్నంతే ఉంటుంది. గాలి నింపి మూసిన ప్యాకెట్ పైకెళ్ళే కొద్దీ పూరీలా పొంగుతుంది. పగలకపోతే తీగల మధ్య దిండులా కూర్చుంటుంది.

మేజర్ కో చెమటలు కక్కుతూ వచ్చారు. విషయం విన్నారు. లిస్టు తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి, మూడు నెల్ల తర్వాత మొదటిసారి చదివారు.

"కొబ్బరి రుచి?" అన్నారు.

"అవును సార్."

"దీని మీద నా సంతకం ఉందా?"

"స్టాంపు కూడా ఉంది సార్."

ఆయన ఆకాశం వైపు చూశారు. ఆకాశంలో రెస్క్యూ హెలికాప్టర్ ఒకటి తాడు కట్టి మనిషిని దించుతోంది. ఆ తాడు తనకీ అందితే బాగుండనుకున్నట్టున్నారు. "సరే. ఆ లైను కొట్టెయ్. పక్కన నేను ఇనీషియల్ వేస్తా. ఇది టూల్ కాదు, తిండి. నలభై ఆరూ ఉన్నాయి. సంతకం పెట్టు, పంపించు."

"కొట్టేస్తే లైను పోతుంది సార్. ప్యాకెట్ విమానంలో ఉంటే, అది కూడా బయటికొస్తుందా?"

"సార్జంట్! ఎనభై వేల మంది చూస్తున్నారు!"

"అందుకే సార్."

ఇద్దరూ పైలట్ వైపు తిరిగారు. కల్నల్ తాంగ్ రెక్క నీడలో కూర్చుని టీ నీళ్ళలో ఉడికించిన గుడ్డు వలుచుకుంటున్నాడు. రిటైర్మెంట్‌కి నాలుగు నెలలున్న మనిషి, దేనికీ తొందరపడడు. గుడ్డు మొత్తం నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాక అన్నాడు. "నేను ఎక్కేది ఈ అమ్మాయి సంతకం చూసి. మీ స్టాంపు చూసి కాదు మేజర్, ఏమీ అనుకోకండి. పదీ ముప్పై దాకా ఇక్కడే ఉంటా. ఇంకో గుడ్డుంది."

పదీ పద్నాలుగు. మన్‌రూ ఫోన్ తీసింది. సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. అంతమంది ఒకేసారి వీడియోలు పంపుకుంటుంటే ఏ టవర్ మాత్రం ఏం చేస్తుంది? ఉన్నా లాభం లేదు. మాస్టారు బ్యాటరీ అరిగిపోతుందని ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకునే రకం.

"దావెయ్, నువ్వు స్క్రూలు మొదలెట్టు. రేడియో ఆన్‌లో పెట్టుకో."

"నలభై నిమిషాలు పడుతుందక్కా!"

"తెలుసు. మొదలెట్టు."

హ్యాంగర్ సైకిల్ ఎక్కింది. బ్రేకులు లేని సైకిల్. దానికెవరూ ప్యాకెట్ పెట్టలేదు.

కామెంటరీ చెప్పే మంచె జనం కంచెకి ఆనుకుని ఉంది. పైన లెఫ్టినెంట్ యూషాన్ మైకు పట్టుకుని పట్టులాంటి గొంతుతో హెలికాప్టర్ గొప్పలు చెబుతోంది. ఇద్దరూ ట్రైనింగ్‌లో ఒకే గది. ఆ గొంతుతోనే యూషాన్ ఒకప్పుడు తెల్లవారుజామున బూతులు తిట్టేదని బయట ఎవరికీ తెలీదు.

మన్‌రూ మెట్లెక్కి, రొప్పుతూ, విషయం చెప్పింది. యూషాన్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"నీకు పిచ్చా? జనరల్ గారు కూర్చున్నారే అక్కడ! తినుబండారం తప్పిపోయిందని చెప్పమంటావా?"

"తినుబండారం కాదు, రికార్డుల్లో ఉన్న ఐటమ్."

"ఒసేయ్, చచ్చిపోతావ్."

"చద్దాంలే. పది పదిహేడు అయింది. చెప్పవే తల్లీ."

యూషాన్ ఓ నిట్టూర్పు విడిచి, జుట్టు సవరించుకుని, చెయ్యి తీసింది. బేస్ మొత్తం, నలభై స్పీకర్లలో, పట్టులాంటి గొంతు మోగింది.

"చ్యూ మాస్టారు గారూ. మీరెక్కడున్నా మీకో మనవి. ముసలావిడ... క్షమించాలి, 5031 విమానం బయల్దేరాలంటే, ఉదయం టూల్స్ బండి మీదున్న ఆకుపచ్చ ప్యాకెట్ ఎక్కడుందో తెలియాలి. అది మీ దగ్గరుంటే దయచేసి చెయ్యెత్తి చూపించండి."

ముందు కంచె పక్కన ఎవరో నవ్వారు. ఆ తర్వాత ఒక చెయ్యి లేచింది.

చేతిలో ఆకుపచ్చ ప్యాకెట్.

"దొరికింది!" అంది యూషాన్.

ఇంకో చెయ్యి లేచింది. అందులోనూ ఆకుపచ్చ ప్యాకెట్. దాని వెనక ఇంకోటి. ఆ కుడిపక్కన ఐదు. ఆ తర్వాత లెక్క లేదు. కంచె దగ్గర్నుంచి ఎక్కడో సాసేజి బండ్ల దాకా, వందలు, ఇంకా ఎక్కువో, బ్యాగుల్లోంచీ జేబుల్లోంచీ కెమెరా పెట్టెల్లోంచీ తీసి, జనం ప్యాకెట్లు పైకెత్తారు. నారుమడి మీద గాలి వీచినట్టు ఆకుపచ్చ రంగు అటూ ఇటూ ఊగింది.

మన్‌రూ నుదురు కొట్టుకుంది. దేశంలో చిప్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళలో సగం మంది ఈ మైదానంలోనే ఉన్నారు. విమానాలు బుద్ధిగా ఎగరాలని తలా ఒకటి తెచ్చుకోకుండా ఎందుకుంటారు?

"ఇప్పుడేంటి?" అంది యూషాన్, ఈసారి అసలు గొంతుతో. అదీ మైకులో వినపడింది. జనం గొల్లుమన్నారు.

మన్‌రూ మైకు లాక్కుంది. మైకులో మాట్లాడటం అదే మొదటిసారి. గొంతు కాస్త కీచుగా వచ్చింది.

"అందరూ వినండి! ప్యాకెట్ మీద 5031 అని రాసుండాలి! నల్ల మార్కర్‌తో! నా రాత ఏమంత బాగోదు, కోడి గీసినట్టుంటుంది. మాస్టారు నేవీబ్లూ జాకెట్ వేసుకున్నారు, కర్ర ఉంటుంది, ఎనభై నాలుగేళ్ళు. మీ పక్కన ఎవరితోనైనా గట్టిగా పోట్లాడుతున్న పెద్దాయనుంటే ఆయనే! పదీ ముప్పైలోగా కనపడకపోతే ముసలావిడ ఎగరదు. ఇవ్వాళ ఎగరకపోతే ఇంకెప్పటికీ ఎగరదు!"

ఎనభై వేల తలలు ఒకేసారి పక్కకి తిరిగాయి. అందరూ తమ పక్కనున్న ముసలాళ్ళని అనుమానంగా చూశారు.

పది ఇరవై.

"అక్కా," రేడియోలో దావెయ్. "తొమ్మిది విప్పా. ఒకటి తిరగట్లేదు."

పది ఇరవై రెండు. హెలికాప్టర్ వెళ్ళిపోయింది. అవతల చివర ఆరు జెట్లు ఇంజిన్లు మొదలెట్టాయి, నేల సన్నగా వణికింది. మామూలు రోజైతే ఆ వణుకు అరికాళ్ళలోంచి ఎక్కుతుంటే మన్‌రూ చిన్నపిల్లలా గంతులేసేది. ఇప్పుడు కూడా కాళ్ళు ఊరుకోవడం లేదు గానీ, కళ్ళు జనం మీదే ఉన్నాయి.

అప్పుడు బాగా వెనక, చిరుతిళ్ళు అమ్మే ఫ్రిజ్ వ్యాన్ పక్కన, ఒక కర్ర పైకి లేచింది. కర్ర చివర రబ్బరు బ్యాండుతో కట్టి ఏదో ఆకుపచ్చగా.

"అదిగో! అక్కడ! ఆయనే!" చుట్టూ వంద మంది అరిచారు. ఎవరో బలిష్ఠంగా ఉన్నాయన మాస్టారిని ఎత్తి మడత కుర్చీ మీద నిలబెట్టబోయాడు. అదే కర్రతో ఆయన్ని మాస్టారు ఒకటేశాడు.

"పంపండి!" మన్‌రూ మైకులో అరిచింది. "మాస్టారూ, మీరు రాకండి, ప్యాకెట్ పంపండి! చేతుల మీదుగా!"

ప్యాకెట్ బయల్దేరింది. తలల మీద నుంచి, చేతిలోంచి చేతికి. "5031! ఇదే! రాసుంది!" అని ఒకరు, "నలపకండ్రా!" అని ఇంకొకరు. "తినకు!" అని ఓ తల్లి కూతుర్ని గదిమింది. ఒకచోట దారి తప్పి ఎడమకి పోయింది, జనమంతా "కుడికీ!" అని ఒక్క గొంతుతో కేకేశారు, మళ్ళీ దార్లో పడింది. ఎవరో లయగా చప్పట్లు మొదలెట్టారు. అవి కంచె దాకా పాకాయి. దాని వెనకే రెండో ప్యాకెట్ ఒకటి వస్తోంది. అదేంటో మన్‌రూకి అర్థం కాలేదు, ఆలోచించే టైమూ లేదు. మెట్లు దిగి కంచె దగ్గరికి ఉరికింది.

చెమటతో తడిసిన ఓ చెయ్యి కంచె మీదుగా అందించింది. "అక్కా, ఎగరాలి. ఉత్తరాన హ్సిన్‌చు నుంచి రాత్రి బస్సులో నిలబడి వచ్చా."

నల్ల మార్కర్. కోడిగీతలు. ముసలావిడా, వెళ్ళు, తిరిగి రా. తిప్పి చూసింది. మూలన డేటు అచ్చయి ఉంది. అది నిన్నటిది.

ఒక్కసారిగా మొత్తం అర్థమైంది. మూతి తిప్పిన పెద్దమనిషి డేటు చూశాడు. నిన్నటితో అయిపోయిందని గమనించాడు. మూడేళ్ళు ప్రతి బోల్టూ లెక్కపెట్టిన మన్‌రూ మాత్రం గమనించలేదు. వెనక సీటు వైపు వంగింది నిజంగా కళ్ళజోడు కోసమే. అక్షరాలు ఎంత చిన్నవో మరి. కొత్తది కొనుక్కొద్దామని జనంలోకి వెళ్ళి ఇరుక్కుపోయాడు.

రెండో ప్యాకెట్ కూడా చేతికొచ్చింది. చొక్కాలో వేసుకుంది. మొదటిది పళ్ళ మధ్య కరుచుకుని సైకిలెక్కింది.

"దొరికిందా?" మేజర్ కో ఎదురొచ్చారు. మన్‌రూ నోట్లో ప్యాకెట్ చూసి, "అలాగే తెచ్చావా!" అన్నారు.

"బిగించు!" మన్‌రూ దావెయ్‌కి చెప్పింది. "ఎన్ని విప్పావ్?"

"పదకొండు!"

"చెరో వైపు నుంచి."

పదకొండు స్క్రూలు ఇద్దరూ బిగించారు. చివరి స్క్రూ బిగిసిందనుకుంది. అది కాదు పిల్లా, ఇంకో పావు తిప్పు. ఇంకో పావు తిప్పింది. టూల్స్ మళ్ళీ గుంటల్లోకి చేరాయి. ఒకటి నుంచి నలభై ఆరు దాకా ఇద్దరూ గట్టిగా చదివారు. నలభై ఏడు, టేపు కింద. ఫారం మీద సంతకం. పదీ ఇరవై తొమ్మిది.

"రెండో గుడ్డు తినడానికి కూడా టైమివ్వలేదు," అంటూ కల్నల్ తాంగ్ ఎక్కాడు.

పంకా ఒకసారి తిరిగి ఆగింది. ఇంకోసారి తిరిగింది. తర్వాత ముసలావిడ గొంతు సవరించుకుని, ఫట్, ఫట్, ఫటఫటమని, నీలం పొగ ఒక మబ్బంత వదిలి, అందుకుంది. ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, నేరుగా పక్కటెముకల్లోకి వచ్చింది. కంచె అవతల్నుంచి లేచిన కేక ఇంజిన్‌ని కూడా ముంచేసింది. మన్‌రూ నిటారుగా నిలబడి సెల్యూట్ చేసింది. తాంగ్ తిరిగి చేసి, బొటనవేలు ఎత్తి కదిలాడు.

తోక లేచింది. చక్రాలు నేల వదిలాయి. వదిలాయి! దావెయ్ మేజర్ కో గారిని వాటేసుకున్నాడు. మేజర్ గారు ఆ సంగతి గమనించనే లేదు.

ముసలావిడ పైకెళ్ళి, ఎండలో పసుపుగా మెరిసి, తీరిగ్గా ఒక పల్టీ కొట్టింది. కిందికి దిగి జనం ముందునుంచి తాటిచెట్టంత ఎత్తులో దూసుకుపోయింది. వెనక నుంచి ఆరు జెట్లూ వచ్చి చేరాయి. ఇదే అసలు చూడాల్సింది. ముసలావిడ ఉన్న బలమంతా పెట్టి పరిగెత్తాలి, జెట్లేమో చక్రాలు దించుకుని ఊపిరి బిగబట్టి నడవాలి. లేకపోతే కుదరదు. అవి ముక్కులెత్తుకుని తడబడుతూ, బామ్మ వెనక పెళ్ళికి బయల్దేరిన మనవళ్ళలా వచ్చాయి. ముందు పసుపు, వెనక ఆరు పొగలు.

"మన్‌రూ," రేడియోలో యూషాన్ గొంతు. "మీ మాస్టారిని జనం ముందుకి పంపించారు. మా మంచె కిందే కూర్చోబెట్టారు. కానీ ఈయనేంటే, కళ్ళు మూసుకున్నాడు!"

"ఏం చేస్తున్నాడు?"

"చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నాడు."

మన్‌రూకి ఒక్కసారి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నలభై ఒక్కేళ్ళ తర్వాత కూడా మళ్ళీ చప్పుడేనా!

"చెప్పవే! మైకులో చెప్పు!"

నలభై స్పీకర్లూ మోగాయి. "చ్యూ మాస్టారు గారూ. ఇంజిన్ బానే ఉందట. వినడం చాలు, కళ్ళు తెరిచి చూడమని సార్జంట్ మన్‌రూ చెప్పమంది."

"చూడండి మాస్టారూ!" అన్నారు జనం. మొదట ఓ పది మంది, తర్వాత మైదానం మొత్తం. "పైకి చూడండి!"

"తెరిచాడు," అంది యూషాన్ రేడియోలో. "చూస్తున్నాడే. నోరు కూడా తెరిచాడు."

పది యాభై రెండుకి ముసలావిడ దిగింది. ఒక గెంతు గెంతి, సర్దుకుని, వచ్చి తన చోట్లో ఆగింది. పొట్ట కింద చుక్క చుక్కగా ఆయిల్ కారుతోంది. మాస్టారిని జీపులో తీసుకొచ్చారు. ఆయన కర్ర ఆనించి, నేల మీద ఆయిల్ మరక చూసి తల ఊపాడు.

"కారుతోందంటే లోపల ఉన్నట్టే," అన్నాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "మూడో సిలిండర్ కాస్త నసుగుతోంది. మ్యూజియం వాళ్ళకి చెప్పు," అన్నాడు.

"వాళ్ళు దాన్ని నడపరు మాస్టారూ."

"అయినా చెప్పు." కళ్ళు తుడుచుకున్నాడు. "పొగ. ఆ జెట్ల పొగ ఎక్కువ."

"కొత్త ప్యాకెట్‌కి అంతసేపెందుకు పట్టింది?"

"ఎక్కడా లేదమ్మాయ్! ఆకుపచ్చవన్నీ అయిపోయాయి. వ్యాన్ దగ్గరమ్మాయి పసుపుది ఇస్తానంటుంది. పసుపుది! విమానం పసుపే కదా, పసుపుదైతే ఏంటి అంటుంది. దానికి నచ్చచెప్పేసరికి నా ప్రాణం పోయింది. చివరికి ఓ కళ్ళజోడు కుర్రాడు తనది ఇచ్చాడు."

"మీరు ఇవన్నీ నమ్మరుగా?"

"నేను నమ్మను," అన్నాడు మాస్టారు. "ఇంజిన్ నమ్ముతుందేమో, దానికెందుకు అన్యాయం చెయ్యాలి?"

మన్‌రూ చొక్కాలోంచి రెండో ప్యాకెట్ తీసింది. అప్పుడు చూసింది దాని మీద రాత. పాతకాలపు ముద్దక్షరాలు, చెయ్యి వణికినట్టు తెలుస్తోంది. "5031. మన్‌రూ చెప్పినట్టు విను."

మన్‌రూ దాన్ని పట్టుకునే బండి దగ్గరికెళ్ళి చివరి లెక్క మొదలెట్టింది. విమానం దిగాక కూడా లెక్క చూడాలి, అదీ రూలే. ఒకటి. రెండు. నలభై ఆరు. నలభై ఏడు.

"మేజర్ సార్," అంది. "లెక్క తేడా వచ్చింది."

మేజర్ కో మొహం పాలిపోయింది. "మళ్ళీ ఏది పోయింది?"

"పోలేదు సార్. లిస్టులో ఒకటి అనుంది. మా దగ్గర రెండున్నాయి."

ఆయన లిస్టు చూశారు, ప్యాకెట్లు చూశారు, అక్కడున్న నలుగుర్నీ చూశారు. మూడేళ్ళలో మొదటిసారి ఆయన నవ్వడం దావెయ్ చూశాడు.

"డేటు దాటింది ఏది?"

కొత్తది టేపు కిందికి వెళ్ళింది. పాతది మన్‌రూ చించింది. రెక్క నీడలో, వేడి ఇంజిన్ టిక్కు టిక్కుమని చల్లారుతుంటే, ఐదుగురూ వంగి కూర్చుని, ఒక రోజు డేటు దాటిన కొబ్బరి రుచి మొక్కజొన్న పఫ్‌లు తిన్నారు. దావెయ్ మొదటిది నోట్లో పెట్టుకునే ముందు విమానం వైపు తిరిగి ఓ దండం పెట్టాడు. అడుగున మిగిలిన పొడి మాస్టారు అరచేతిలో ఒంపుకుని తినేశాడు.

"తియ్యగా ఉంది," అన్నాడు. "అదీ విషయం. ఇంజిన్‌కి నచ్చదా మరి?"

ఖాళీ కవర్ మడిచి జేబులో పెట్టుకుని, మన్‌రూ ఫారం మీద రాసింది: నలభై ఏడు, ఒకటి, ఉంది. సంతకం పెట్టింది.